వెనకవైపు గోడ

"బాల్కనీకా?" అని మెకానిక్ ఇంకోసారి అడిగాడు. మూడు వైపులా తెరిచి ఉన్న బాల్కనీ అది. నడుమెత్తు గోడ, ఒక వాలుకుర్చీ, కొన్ని పూలకుండీలు తప్ప అక్కడ చల్లబరచడానికి ఏమీ లేదు.

"బాల్కనీకే. సాయంత్రం కాసేపు కూర్చుందామంటే ఒళ్ళు కాలిపోతోంది," అన్నాడు పెద్దాయన. "చల్లదనమంతా బయటికి పోతుందని నాకూ తెలుసులే. పోనీ! కరెంటు ఊరికేగా వస్తోంది."

అదీ నిజమే. కరెంటు చవకైపోయి ఏడాది దాటింది. ఎండలోంచి తీసేదీ, సముద్రపు గాలిలోంచి తీసేదీ అంతా కలిపి, ఎంత వాడినా తరగనంత ఉంది. మీటర్లు చూసే మనిషి రావడం మానేశాడు. ఊరవతల బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చల్లారిపోయాయి. ఇదివరకు బిల్లుకి జడిసి ఒక్క పడగ్గదిలో మాత్రం ఏసీ వేసుకున్నవాళ్ళు ఇప్పుడు వంటింటికీ, మెట్లకీ, కుక్క పడుకునే మూలకీ పెట్టించుకుంటున్నారు. మెకానిక్‌కి అన్నం తినే తీరిక లేదు. అందుకు అతనికి బాధేమీ లేదు. పని లేక గోళ్ళు గిల్లుకున్న రోజులు అతనికింకా గుర్తున్నాయి.

"అవుట్‌డోర్ ఈ పక్కనే పెట్టేస్తే పైపు కలిసొస్తుందండీ," అన్నాడు, టేపు గోడకి ఆనించి.

అవుట్‌డోర్ అంటే లోపలి వేడిని లాగి బయటికి ఊదే పెట్టె.

"ముందువైపు ఒప్పుకోరయ్యా మా అసోసియేషన్ వాళ్ళు. డాబా మీదా వద్దన్నారు, సాయంత్రాలు అందరూ అక్కడ తిరుగుతారని. వెనక్కే పెట్టు."

"వెనక్కేనండీ," అన్నాడు మెకానిక్. ఆ సంగతి అతనికి అడగకుండానే తెలుసు. ఈ పనిలో అందరికీ ఒకటే పద్ధతి. ముందువైపు వీధి ఉంటుంది, రంగులుంటాయి, భవనం పేరు రాసిన పలక ఉంటుంది. కాబట్టి వేడి వెనక్కి పోవాలి.

రాగి పైపుని హాలు పైకప్పు అంచున నడిపించి, వంటింటి గోడకి బెజ్జం కొట్టి, వెనక్కి తీసుకుపోయేసరికి మధ్యాహ్నమైంది. నడుముకి బెల్టు కట్టుకుని కిటికీలోంచి బయటికి ఒంగాడు. మొహాన వేడి కొట్టింది. వెనకగోడ నిండా అవుట్‌డోర్‌లే. పై అంతస్తు నుంచి కిందిదాకా వరసగా, కొన్ని పక్కపక్కన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అన్నీ సందులోకి ఊదుతున్నాయి. వాటిలో చాలావరకు అతని చేత్తో బిగించినవే. బ్రాకెట్ బోల్టు తిప్పుతుంటే ఇనుము చుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని, గుడ్డ చుట్టుకుని మళ్ళీ తిప్పాడు.

కింద సందుకి అవతల అతని అత్తగారి ఇల్లు. ఆవిడ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. భుజాన ఒక పసిబిడ్డ. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడి, పైకి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పగటిపూట ఆ తలుపు మూసి ఉండటం ఎప్పుడూ చూడలేదతను.

లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగుతూ పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఇలాంటివి అడగడానికి తగినవాడు.

"పొగ ఆగిపోయింది కదండీ. మరి వేడెందుకు తగ్గలేదు?"

పెద్దాయన ఉత్సాహంగా ముందుకి జరిగాడు. "పొగ ఆగడం మామూలు విషయం కాదు. నా ఉద్యోగమంతా దానికోసమే ఏడ్చాను. కాకపోతే ఇదివరకు ఊదేసిన పొగ ఇంకా పైనే ఉంది, దుప్పటి కప్పినట్టు. అది పలచబడటానికి తరాలు పడుతుంది. ఈ చవక కరెంటుతో మిషన్లు పెట్టి దాన్ని కిందికి లాగేయొచ్చట కూడా."

"లాగుతున్నారా అండీ?"

"లాగాలి," అని పెద్దాయన బాల్కనీ వైపు ఒకసారి చూశాడు.

"మరి ఈ ఏసీల వేడో?"

"వాడిన కరెంటంతా చివరికి వేడే అవుతుంది. అయితే భూమి మొత్తం మీద చూస్తే, పైనించి పడే ఎండ ముందు అది ఆవగింజంత. దానివల్ల భూమికి ఇప్పట్లో ఏమీ కాదు."

"సందుకో?"

"సందుకా..." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "సందు మా లెక్కల్లో ఎప్పుడూ లేదయ్యా."

మెకానిక్‌కి ఏమీ అర్థం కాలేదు. మంచి జరిగిందా, చెడు జరిగిందా? రెండూ జరిగి ఉంటే ఏది ఎక్కువ జరిగింది? స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ సంచిలో వేసుకుంటూ, మొదట్లో తెలియనిది ఒకటే, అడిగి రెండు చేసుకున్నాను అనుకున్నాడు.

పని అవగానే అత్తగారింటికి వెళ్ళాడు. ఉద్యోగాలకి పోయే తల్లులు తమ పిల్లల్ని ఆవిడ దగ్గర దింపిపోతారు. పొడుగాటి గది ఒకటే. నేలమీద చాపలు, దూలానికి గుడ్డ ఉయ్యాలలు, మూలన పాలసీసాలు మరిగించే గిన్నె. మామగారు పోయాక కూతురి మీద ఆధారపడనని, అల్లుడు ఎంత చెప్పినా వినకుండా ఆవిడ మొదలుపెట్టిన పని ఇది. తల్లులు ఈ గదిని ఇష్టపడింది దాని గాలి చూసే. కిటికీలు తీస్తే ఇటునుంచి అటు గాలి ఆడేది.

ఇప్పుడు కిటికీలు మూసి ఉన్నాయి. పిల్లలు ఒకరి తరవాత ఒకరు రాగం తీస్తున్నారు. అత్తగారు తడిగుడ్డతో ఒకడి వీపు తుడిచి, గుడ్డ పిండి, ఇంకోదాని మెడ తుడుస్తోంది. మొదటివాడి దగ్గరికి వచ్చేసరికి వాడి వీపు మళ్ళీ చెమటతో మెరుస్తోంది.

"కిటికీ తీస్తే పొయ్యి ముందు కూచున్నట్టుంది. మూస్తే కుండలో ఉడికినట్టుంది," అంది. "నువ్వు చెప్పు అల్లుడూ, ఏది నయం?"

అతను చెప్పేలోపు కంప్యూటరావిడ వచ్చింది. పెద్దాయన ఉండే ఎదురు భవనంలోనే రెండో అంతస్తులో ఉంటుంది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పొద్దంతా ఏదో ఆఫీసు పని చేస్తుంది కాబట్టి అందరికీ ఆవిడ కంప్యూటరావిడే. కూతుర్ని ఎత్తుకుని గౌను పైకి తీసి చూసింది. వీపంతా చెమటకాయలు.

"ఆంటీ, మీమీద నాకేం కోపం లేదు. మీ చేతుల్లో పాప ఎంత బాగుంటుందో నాకు తెలుసు," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కానీ ఈ ఉక్కలో ఎలా వదలను? వచ్చేవారం నుంచి ఇంకోచోట చూసుకుంటాను. మిగతావాళ్ళూ అదే అంటున్నారు. మీకు ముందే చెప్పడం మంచిదని..."

"బిడ్డ ముఖ్యం తల్లీ," అంది అత్తగారు. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది, నీళ్ళు చీర మీద కారుతున్నాయి.

మెకానిక్ స్టూలు మీద కూర్చుని తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఈ కిటికీకి సూటిగా ఎదురుగా, పైన, ఊదుతున్నది కంప్యూటరావిడ ఇంటి అవుట్‌డోరే. పోయిన వేసవిలో తనే బిగించాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ భవనంలో ఇంకా సగం ఇళ్ళ పని తనకే రావాల్సి ఉంది. మాట మింగేసి, "వస్తానత్తయ్యా," అని లేచాడు.

ఇంటికి వెళితే భార్య అంతకుముందే అంతా విని కూర్చుంది.

"ఊరందరి కుక్కలకీ ఏసీలు బిగిస్తావు. మా అమ్మకి బిగించడానికి మాత్రం నీకు తీరిక దొరకదు," అంది.

"మీ అమ్మే కదా వద్దంది? పిల్లలకి గాలి కావాలని."

"గాలి ఎక్కడుంది ఇప్పుడు? పిల్లలు లేకపోతే మా అమ్మ వారం తిరక్కుండా మంచం ఎక్కుతుంది. అది నాకు తెలుసు, నీకూ తెలుసు."

మర్నాడు ఏసీ మిషను భుజాన పెట్టుకుని అత్తగారింటికి వెళ్ళాడు. అత్తగారు ఈసారి వద్దనలేదు. ఉయ్యాలలు ఒక పక్కకి జరిపి, బెజ్జం కొట్టేటప్పుడు దుమ్ము పడకుండా పిల్లలందరినీ గుమ్మం దగ్గరికి చేర్చి, దుప్పటి అడ్డంగా పట్టుకుని నిలబడింది. అవుట్‌డోర్ పెట్టాల్సి వచ్చేసరికి మెకానిక్ ఆగాడు. సందువైపు పెడితే లాభం లేదు. భవనం ఊదే వేడినే అది మళ్ళీ పీల్చుకుంటుంది. మిగిలింది ఎడంపక్క గోడ.

"అటు పక్కింటి అన్నయ్య కిటికీ ఉంది కదా?" అంది అత్తగారు.

పక్కింట్లో బైండింగు చేసే ముసలాయన ఉంటాడు. పాత పుస్తకాలు విప్పి, కుట్టి, అట్టలు వేసి ఇస్తాడు. రెండిళ్ళకీ మధ్య ఒక మనిషి పక్కవాటుగా నడిచేంత జాగా మాత్రమే ఉంది.

"వెనకవైపేగా అత్తయ్యా."

"మనకి వెనక. ఆయన పని బల్లకి ముందు."

"మరి ఎక్కడ పెట్టమంటావు చెప్పు? నెత్తిన పెట్టుకోనా?"

ఆవిడ గది మొత్తం కలయజూసింది. చంకలో పిల్లవాడు ఆవిడ చెవి కమ్మ పట్టుకుని లాగుతున్నాడు. "సరే, పెట్టు. అందరూ మనమీదికి ఊదారు. ఒక్కసారి మనమూ ఊదుదాం," అంది గానీ, గొంతులో ఆ ధాటీ లేదు.

సాయంత్రానికి గది చల్లబడింది. ఉయ్యాలల్లో ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటరావిడ వచ్చి, గుమ్మంలోనే ఆగి, "అబ్బ!" అంది. పాప వీపు మీద చెయ్యి వేసి చూసి, ఉన్నపళంగా అత్తగారిని కావలించుకుంది. వేరేచోటి మాట ఇక ఎత్తలేదు. మెకానిక్‌కి గర్వంగానే అనిపించింది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

రెండు రోజులు బాగానే గడిచాయి.

మూడోరోజు మిషను ఎలా ఉందో చూసిపోదామని వచ్చాడు. అత్తగారింటి గుమ్మంలోనే బైండింగాయన కనిపించాడు. చేతిలో లావుపాటి పుస్తకం. దాని అట్ట రెండు మూలలూ పైకి లేచి, ఎండలో వేసిన అప్పడంలా వంగిపోయింది.

"చూడమ్మా ఇది. జిగురు పూసి, అట్ట వేసి, బరువు పెట్టేలోపే ఎండిపోతోంది. ఇలా నాలుగు పాడయ్యాయి," అన్నాడు. ఫిర్యాదులా అనలేదు, తన చేతిపని ఎందుకు చెడుతోందో తెలియక విస్తుపోయినట్టు అన్నాడు. అత్తగారు పుస్తకం అందుకుని వంగిన మూలని అరచేత్తో అదిమింది. అది మళ్ళీ లేచింది. తలుపు వారగా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

"నువ్వు వచ్చావు, మంచిదైంది బాబూ," అని ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "మా తమ్ముడి కొడుకు ఏసీ పంపించాడు. పెట్టెలోనే ఉంది. కాస్త బిగించి పెట్టు."

మెకానిక్ ఆయన వెంట వెళ్ళాడు. గదిలో జిగురు వాసన, కాగితం వాసన. బల్ల మీద సగం కుట్టిన పుస్తకానికి దారం వేలాడుతోంది. కిటికీ అద్దం రెక్కలు మూసి, సందుల్లో కాగితపు ముక్కలు కుక్కి ఉన్నాయి. గుమ్మమున్న గోడ సందులోకే, అక్కడా భవనం వేడే. ఇంకో రెండు గోడలు పక్కిళ్ళతో కలిసినవి. మిగిలింది ఆ కిటికీ గోడ ఒక్కటే. దానికి ఎదురుగా అత్తగారి అవుట్‌డోర్.

అక్కడ ఇంకోటి బిగిస్తే ఏమవుతుందో మెకానిక్‌కి కళ్ళకి కట్టింది. ఒకటి ఊదిన వేడి ఇంకోటి పీలుస్తుంది. అది ఊదింది మళ్ళీ ఇది పీలుస్తుంది. మిట్టమధ్యాహ్నానికి రెండూ ఆయాసపడి ఆగిపోతాయి. ఎక్కువ కరెంటు తాగినందుకు ఇప్పుడు ఎవరికీ నొప్పి లేదు కానీ, కంప్రెసర్ ఓర్చుకోవాలి కదా. గది మళ్ళీ ఉడుకుతుంది. పిల్లలు వెళ్ళిపోతారు. అత్తగారు మంచం ఎక్కుతుంది.

వేలి కణుపులతో గోడ మీద కొట్టాడు. ఇక్కడ కొట్టాడు, అక్కడ కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఈ గోడ మొయ్యదండీ," అన్నాడు.

"మొయ్యదా?"

"పాత గోడ. లోపల గుల్లైపోయింది. బ్రాకెట్ కొడితే ఇటికలతో సహా ఊడొస్తుంది. మీ మంచికే చెప్తున్నాను."

అది బలమైన గోడ. దీనికన్నా నాసిరకం గోడలకి, కొట్టగానే పెచ్చులు రాలే గోడలకి, ఆ భవనంలో నిక్షేపంగా బిగించాడు. ఎవరికీ మొయ్యదని చెప్పలేదు.

ముసలాయన గోడ కేసి జాలిగా చూశాడు. "అవునా బాబూ. మంచివాడివి కాబట్టి చెప్పావు. ఇంకొకడైతే బిగించేసి డబ్బులు తీసుకుని పోయేవాడు. మజ్జిగ తాగుతావా?"

ఆ మాటకి మెకానిక్‌కి తల కొట్టేసినట్టైంది. వద్దండీ అనబోతుండగా ఎదుటి కిటికీ రెక్కలు ధడాలున తెరుచుకున్నాయి. అద్దంలోంచి అత్తగారు కనిపించింది, భుజాన నిద్రపోతున్న బిడ్డతో. ఇక్కడి మాటలన్నీ ఆవిడకి వినబడుతూనే ఉన్నాయి.

"ఆ గోడ మోస్తుంది అన్నయ్యా," అని అద్దం దాటేంత గట్టిగా, బిడ్డ లేవనంత మెల్లగా కేకేసింది. "మా అల్లుడు అబద్ధం చెప్తున్నాడు."

"అత్తయ్యా!"

"నీ మిషను వస్తే నా మిషను ఆగిపోతుందని వాడి భయం. నిజమే, ఆగిపోతుందేమో. నాకోసం, ఈ పిల్లలకోసం చెప్పాడు. చెడ్డవాడు కాదు. కానీ పాపం, గోడనెందుకు అనడం?"

ముసలాయన కుక్కిన కాగితపు ముక్కలు ఒక్కొక్కటీ తీసి, తన కిటికీ కూడా తెరిచాడు. రెండు కిటికీల మధ్య అవుట్‌డోర్ గిర్రున తిరుగుతోంది. ఆయన తెల్లజుట్టు ఆ వేడిగాలికి వెనక్కి లేచింది. పెద్దమనిషి, పసిపిల్లల్ని చూసి వద్దులే అంటాడని మెకానిక్ లోలోపల ఆశపడ్డాడు.

"నాకు కావాలి చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "ముసలివాణ్ణి కదా, సర్దుకుపోతానని అనుకున్నారేమో. నాకూ ఉక్కగానే ఉంది. నా పనీ పోతోంది."

"న్యాయమే," అంది అత్తగారు. "బిగించు అల్లుడూ."

"బిగిస్తే రేపీపాటికి రెండూ ఆగిపోతాయి! మీ ఇద్దరికీ ఉండదు!"

"అయితే ఆగిపోకుండా ఎక్కడ బిగించాలో నువ్వే చూడు. అది నీ పని. అబద్ధాలు నీ పని కాదు." ఆవిడ కిటికీ వేసుకుంది.

మెకానిక్ డ్రిల్లింగు మిషను పట్టుకుని బయటికొచ్చి సందులో నిలబడ్డాడు. ఈ గోడ చూశాడు, ఆ గోడ చూశాడు. ఇన్నేళ్ళ పనిలో ఎప్పుడూ ఒక వెనకవైపు దొరికింది. ఇప్పుడు ఎటు తిరిగినా ఎవరో ఒకరి మొహం కనిపిస్తోంది. అతనికి పిచ్చికోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. కరెంటు చవగ్గా ఇచ్చినవాళ్ళ మీదా? వాళ్ళు పొగ మాన్పించారు. వేసుకున్నవాళ్ళ మీదా? ఉక్కపోస్తే వేసుకోరా మరి? తన మీదా? బిగించమంటే బిగించాడు. తలెత్తి చూశాడు. భవనం వెనకగోడ మొత్తం రొద పెడుతోంది. అవన్నీ పైన డాబా మీదకి ఎక్కించి ఉంటే వేడి ఆకాశంలోకి పోయేది. సందులో గాలి ఆడేది. అత్తగారికి అసలు మిషనే అక్కర్లేకపోయేది. ముసలాయనకీ అక్కర్లేకపోయేది. పైపు కాస్త ఎక్కువ పడుతుంది, సాయంత్రం డాబా మీద తిరగడం కుదరదు, అంతేగా!

అంతే అయితే ఎవరైనా అడిగి ఉండాలి. ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్ళి, భవనం మెట్లెక్కి, రెండో అంతస్తులో బెల్లు కొట్టాడు. ఈ తలుపు మొహాన వేసేస్తే ఈ భవనంలో ఇక పని దొరకదు.

కంప్యూటరావిడ చెవికి తగిలించుకున్న మైకు తీసి, "ఏమైంది? మా ఏసీ సర్వీసింగా? బాగానే పనిచేస్తోందే," అంది.

"బాగానే పనిచేస్తోందండీ." భూమి, ఆవగింజ, దుప్పటి అన్నీ కలగాపులగంగా నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. "మేడం, మీ వెనక కిటికీ ఒక్కసారి తీస్తారా?"

"అదా? అది మేం తీయం. వేడి."

"ఒక్కసారండీ."

ఆవిడ వింతగా చూసి, లోపలికి దారితీసింది. తెర తప్పించారు. గొళ్ళెం బిగుసుకుపోయి ఉంది. ఆవిడ లాగింది, రాలేదు. అతను అరచేత్తో కింద నుంచి కొట్టాడు. రెక్క ఊడొచ్చినట్టు తెరుచుకుంది. వేడి లోపలికి తోసుకొచ్చేసరికి, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ ఒంగి చూసింది.

కింద అత్తగారు సందులోకి వచ్చి, పాలసీసాల గిన్నె ఒంపేస్తోంది. భుజాన బిడ్డ ఇంకా అలాగే ఉంది.

"అది మా పాప," అంది కంప్యూటరావిడ.

"అవునండీ."

ఆవిడ గోడ మీద పెట్టెలన్నీ ఒక్కొక్కటే చూసింది. "ఇందులో మాదేది?"

మెకానిక్ చెయ్యి చాపి చూపించాడు. అది ఎటు తిరిగి ఉందో, ఎక్కడికి ఊదుతోందో చెప్పనవసరం లేకపోయింది. ఆవిడ లోపలికి వెళ్ళి స్విచ్ కట్టేసింది. పెట్టెలో ఫ్యాను నెమ్మదించి, ఆగింది. ఇద్దరూ కిటికీలోంచి చేతులు బయట పెట్టి చూశారు. సందులో రొద తగ్గలేదు. వేడీ తగ్గలేదు. ఒకటి ఆగిన సంగతే తెలియలేదు.

కంప్యూటరావిడ చాలాసేపు అలాగే చెయ్యి చాపి నిలబడింది. ఇల్లు వేడెక్కుతోంది. కంప్యూటరులోంచి ఎవరో ఆవిణ్ణి పిలుస్తున్నారు.

"పక్కింటివాళ్ళ బెల్లు నువ్వు కొడతావా," అంది, "నన్ను కొట్టమంటావా?"